చెరకులో రెల్లు పాలు ఎంత?

ఆశ్వయుజము వచ్చునప్పటికి ఏటి గట్లు, లంకలు, కాలువ పోరంబోకులు రెల్లు పూతతో తెల్లబడును. కిందటి సంవత్సరము ఆ రోజులలో అనకాపల్లి ప్రాంతమున ఒక గ్రామమునకు చెరకు తోటలు చూడబోయినాను. కాలువ గట్టున ఒక పెద్ద రైతు నలుగురు కూలీలను పెట్టి రెల్లు పొదలు నరికించుచున్నాడు. నరికిన మోళ్ళమీద కలుపు మందు కొట్టుటకు డబ్బా కూడ సిద్ధముగా ఉన్నది.

“అంతా తీయించేస్తున్నారేమండీ?” అని అడిగినాను.

“ఏటి సేత్తాం బాబూ, తుప్ప గదా. తోటలోకి దిగిపోతన్నాది. దీనివల్ల ఎవులికేటి లాభం?”

“మీ తోటలో ఉన్న చెరకు దీని సంతతేనండి.”

ఆయన నావంక ఒకసారి చూచి నవ్వినాడు. “సదూకున్నోరు తమరు కూడా ఏళాకోళం ఆడితే ఎలాగ బాబూ! రెల్లు నవిల్తే తీపెక్కడిది?”

ఆ గట్టుమీద నిలువబడి నేను చెప్పగలిగినది కొద్ది. ఆయన వినగలిగినది అంతకంటె కొద్ది, ఏలయన కూలీలు గంటల లెక్కన వచ్చినవారు. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మన శాఖవారము రైతునకు కొత్త రకపు నంబరు చెప్పుదుము, ఎకరమునకు ఎన్ని ముచ్చెలు కావలయునో చెప్పుదుము, ఎరువుల మోతాదు చెప్పుదుము. ఆ రకము తల్లిదండ్రులెవరో, ఎక్కడనుండి ఏ గుణము వచ్చినదో ఎన్నడును చెప్పము. చెప్పనిదే రెల్లు తుప్పగానే కనబడును. ఆ లోపము నాది కూడ కాబట్టి, గట్టుమీద చెప్పలేకపోయినది ఇచ్చట వ్రాయుచున్నాను.

రెల్లు, చెరకు ఒకే కుటుంబపు గడ్డిజాతులు మాత్రమే కావు, ఒకే ప్రజాతిలోనివి. దాయాదులనవచ్చును. శాస్త్రజ్ఞులు నోబుల్ చెరకు అని పిలుచునది లావుగా, మెత్తగా, తియ్యగా ఉండి నమిలి తినుటకు వీలైనది. దీని పుట్టినిల్లు న్యూగినీ దీవి. దీనిని ఈ వ్యాసములో లావు చెరకు అందును. రెల్లు సన్నగా, గట్టిగా, చప్పగా ఉండును. దాని పుట్టినిల్లు వెదకుటకు సముద్రము దాటనక్కరలేదు, మన యేటి ఒడ్డుకు పోయిన చాలును. లావు చెరకునకు తీపి యున్నది కాని ఓర్పు లేదు. నీరు తక్కువైనను, నిలిచినను, తెగులు తగిలినను కూలిపోవును. రెల్లుకు తీపి లేదు కాని ఇసుకలో, వరదలో, ఎండలో, పశువు మేసినచోట, నిప్పు పెట్టినచోట మరల చిగిర్చును. ఈ రెంటి గుణములు ఒక మొక్కలోనికి ఎట్లు చేరినవి అనునదే చెప్పవలసిన సంగతి.

ప్రాణి యేదైనను దాని ప్రతి కణములోను క్రోమోసోములు అను సన్నని పోగులు ఉండును. వంశములో దిగివచ్చు గుణములన్నియు, అనగా కాండము లావు, రసము తీపి, తెగులు తట్టుకొను శక్తి మొదలగునవి, ఈ పోగులపై జన్యువుల రూపమున వరుసగా కూర్చబడి యుండును. ఏ జాతికి ఎన్ని క్రోమోసోములో లెక్క కట్టియున్నది. వరికి 24. తల్లి పువ్వునుండి 12, తండ్రి పుప్పొడినుండి 12 వచ్చి గింజలో మరల 24 అగును. ఆస్తి పంపకమువలె సగము తల్లిది, సగము తండ్రిది. బిడ్డ తరములో లెక్క పెరుగదు, తరుగదు.

దాయాది జాతులు రెండు కలిసినప్పుడు చిక్కు వచ్చును. గుఱ్ఱమునకు 64 క్రోమోసోములు, గాడిదకు 62. వీటికి పుట్టిన కంచర గాడిదకు 32, 31 కలిసి 63 వచ్చును. బరువు మోయుటలో దానికి సాటి లేదు, కాని దానికి సాధారణముగా పిల్లలు పుట్టవు. కారణమేమన, బీజకణములు తయారగునపుడు క్రోమోసోములు జతలు జతలుగా నిలువవలెను. తండ్రి వైపు పోగునకు తల్లి వైపు జోడు సరిగా దొరకనప్పుడు పంపకము చెడును. కంచర గాడిద తనలో రెండు జాతుల సొమ్ము దాచుకొని యుండియు ముందు తరమునకు అందింపలేదు. జాతికి జాతికి మధ్య క్రోమోసోములు దాటుటకు ప్రకృతి పెట్టిన కంచె ఇది.

చెరకు ఈ కంచెను రెండు విధముల దాటినది. రెండును తెలిసికొనదగినవే.

మొదటిది మనమే, అనగా రైతే. చెరకును గింజతో వేయము, ముచ్చెలతో వేయుదుము. ముచ్చె తల్లి మొక్క ముక్కయే కాని బిడ్డ కాదు. అందుచేత ఒక సంకరపు మొక్కలో క్రోమోసోముల లెక్క సరి అయినను బేసి అయినను, జోడు కుదిరినను కుదరకున్నను, కన్ను మొలిచినంతవరకు ఆ మొక్క అట్లే కొనసాగును. కంచర గాడిదను నరికి నాటి మొలిపించగలిగినచో గాడిదల మేళా అవసరమే ఉండదు గదా! చెరకునకు ఆ సదుపాయము ఉన్నది. తోట గట్టున రెల్లు పూచినచో దాని పుప్పొడి వచ్చి తోటను చెడగొట్టునని కొందరు భయపడుదురు. ఈ భయమునకు ఆధారము లేదు. పుప్పొడి వలన మారునది గింజ, ముచ్చె కాదు.

రెండవది చిత్రమైనది. లావు చెరకునకు 80 క్రోమోసోములు. రెల్లుకు ఒక లెక్క లేదు. ప్రాంతమునుబట్టి 40 మొదలు 128 వరకు కలదు. కోయంబత్తూరు వైపు రెల్లుకు 64, జావా దీవి రెల్లుకు 112. లావు చెరకు తల్లిగా, కోయంబత్తూరు రెల్లు తండ్రిగా సంకరము చేసినచో న్యాయముగా 40, 32 కలిసి 72 రావలెను. అట్లు రాలేదు. 112 వచ్చినవి. లెక్క తప్పు కాదు. తల్లి తన 80లో సగము ఇచ్చుటకు మారుగా మొత్తము 80 ఇచ్చినది. తండ్రి మాత్రము తన సగము 32 ఇచ్చినాడు. జావాలో కస్సూరు అను పేరుగల చెరకు తనంతట పుట్టిన సంకరము. దానిలో 136 కలవు. అనగా 80, జావా రెల్లులోని సగము 56. ఈ రహస్యమును లెక్కించి బయటపెట్టినవాడు జావాలో పనిచేసిన డచ్చి శాస్త్రజ్ఞుడు బ్రెమర్.

పంపకములో తల్లి తన ఆస్తి యావత్తు బిడ్డకు వ్రాసి, తండ్రి సగము మాత్రమే ఇచ్చినట్లున్నది గదా. దీని ఫలము చూడుడు. మొదటి సంకరములోనే మూడు వంతుల దగ్గర తియ్యని తల్లి సొమ్ము, మిగిలినది రెల్లు సొమ్ము. ఆ బిడ్డను తండ్రిగా పెట్టి మరల లావు చెరకు తల్లికి కట్టినచో ఇంకొకసారి అదే విడ్డూరము జరుగును. 136 గల కస్సూరువంటిది తండ్రి యైనచో సగము 68, తల్లి పూర్తిగా 80, కలిసి 148 అగును. ఆ 68లో రెల్లువి సుమారు 28 మాత్రమే. రెండు తరములలో రెల్లు పాలు పదింట నాలుగునుండి పదింట రెండునకు దిగిపోయినది. తరువాతి తరములో ఈ విశేషము ఆగి, మామూలు సగము సగము పంపకము వచ్చును. రెల్లునే తల్లిగా పెట్టినప్పుడు కూడ సాధారణముగా సగము సగమే. తల్లి ఎవరు అనునది ఇంత ముఖ్యమైన పంట మరొకటి నాకు తోచదు.

ఇట్లు అడవి దాయాదితో కలిపి మరల మరల లావు చెరకు తల్లికి కట్టి తీపిని రప్పించు పద్ధతికి జావాలోని డచ్చి శాస్త్రజ్ఞుడు జెస్వీట్ ‘నోబిలైజేషన్’ అని పేరు పెట్టినాడు. రెల్లును పెద్దింటి వరుసలోనికి తెచ్చుట అని దాని భావము. పేరులో కొంత పెద్దింటి గర్వము లేకపోలేదు. నిజమునకు ఆ పెద్దింటిని నిలబెట్టినది రెల్లే.

ఎట్లనగా, ఈ కథ మన గోదావరి డెల్టాతో ముడిపడి యున్నది. 1901లో మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు బార్బర్ గోదావరి డెల్టా చెరకు తోటలలో ఎర్రకుళ్ళు తెగులును గుర్తించినాడు. ఎర్రకుళ్ళు చూచిన రైతునకు వర్ణింపనక్కరలేదు. పైనుండి మూడవ నాలుగవ ఆకు పసుపెక్కి ఎండుట, గడను నిలువున చీల్చిన ఎర్రని కండ, మధ్య మధ్య అడ్డముగా తెల్లని మచ్చలు, పులిసిన కల్లు వాసన. తగిలిన తోటకు మందు లేదు. నాటికి మన రైతుల చేతిలో ఉన్నవి లావు చెరకులు. తీపి కలవి, ఓర్పు లేనివి. ఆ కష్టము చూచియే 1902లో సామర్లకోటలో వ్యవసాయ క్షేత్రము పెట్టినారు. 1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధన మొదలైనది.

జావాలో అంతకు ముందే, 1880 దశకములో, సెరే అను తెగులు తోటలను తుడిచిపెట్టినది. చెరకు గింజ మొలచునను సంగతి 1888 ప్రాంతమున తేలినది. అంతవరకు గింజ గొడ్డుదని అందరును అనుకొన్నారు. ఆ గింజ దూది పింజవలె అంత సన్ననిది, కంటికి ఆనదు. గింజ మొలచునని తెలిసిన తరువాత సంకరమునకు దారి ఏర్పడినది. 1921లో కస్సూరు వంశమునుండి జావాలో పుట్టిన పి.ఓ.జె. 2878 అను రకము పదేండ్లు తిరుగకుండ ఆ దీవి చెరకు నేలను దాదాపు అంతయు ఆక్రమించినది.

మన దేశమున 1912లో కోయంబత్తూరు చెరకు సంకరణ కేంద్రము వెలసినది. బార్బర్, ఆయనకు సహాయకుడుగా చేరిన టి. ఎస్. వెంకటరామన్ మొదటి సంవత్సరములలోనే వెళ్లై అను తెల్లని లావు చెరకును తల్లిగా, సమీపమున దొరకిన రెల్లును తండ్రిగా పెట్టి సంకరము చేసినారు. ఆ సంతతిలోనిదే కో 205. దానిలో 80, 32 కలిసి 112 క్రోమోసోములు. చూచుటకు సన్నని గడయే, కాని పంజాబులో, లావు చెరకు నిలువని చలిలో, నీటి యెద్దడిలో, అక్కడి నాటు చెరకును మించి దిగుబడి ఇచ్చినది. తరువాత కోయంబత్తూరు కో 290ని, జావా పి.ఓ.జె. 2878ని కలిపి కో 419ని తీసినారు. దక్షిణ దేశమున మన తాతలు ఏండ్ల తరబడి పండించిన కో 419 రెండు దేశముల సంకరముల కలయిక అన్నమాట. ఇప్పటి మన రకముల నంబరులలో ‘ఎ’ అన్న అనకాపల్లి, ‘వి’ అన్న ఉయ్యూరు. 87ఎ298 అనుడు, 83వి15 అనుడు, నంబరు ఏదైనను ఆ వరుసలోనిదే. రెల్లు పాలు లేని చెరకు రకము నేడు ఫ్యాక్టరీ గేటువద్దకు వచ్చుట లేదు.

ఈ కేంద్రములోనే 1934 నుండి 1939 వరకు జానకి అమ్మాళ్ పనిచేసినది. తలశ్శేరిలో పుట్టిన ఈమె సూక్ష్మదర్శినిపై కన్ను పెట్టి చెరకు, రెల్లు జాతుల క్రోమోసోములను లెక్కించినది. చెరకును మొక్కజొన్న మొదలైన దూరపు గడ్డి బంధువులతో కూడ సంకరము చేసి చూపినది. రంగులద్దిన అద్దపు పలకపై నూరు దాటిన పోగులను ఒక్కొక్కటిగా లెక్కించుట ఎంత ఓపిక పనియో కాలేజీలో ఉల్లి వేరు పదహారు లెక్కించుటకే తికమకపడిన నాబోటివానికి తెలియును.

నేడు లెక్క ఇంకను సూక్ష్మమైనది. 1996లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు రెండు జాతుల క్రోమోసోములకు వేరు వేరు రంగులు పట్టించు పద్ధతిని రీయూనియన్ దీవి రకమైన ఆర్ 570పై ప్రయోగించినారు. ఎక్కువ భాగము లావు చెరకు రంగు పట్టినది. సుమారు పదవ వంతు పూర్తిగా రెల్లు రంగు పట్టినది. మరియొక పదవ వంతు సగము ఒక రంగు, సగము ఇంకొక రంగుగా అతుకుబెట్టినట్లు కనబడినది. అనగా రెల్లు క్రోమోసోములు పక్కన ఊరక కూర్చుండలేదు. కొన్ని తునిగి లావు చెరకు పోగులతో ముక్క మార్చుకొన్నవి. ఇప్పటి రకములన్నిటిలో రెల్లు పాలు పదవ వంతునుండి అయిదవ వంతువరకు ఉండునని లెక్క. ఆర్ 570 క్రోమోసోముల పూర్తి పట్టిక 2024లో ప్రకటించినారు.

ఆ పదవ వంతులోనే పిలకలు తొడుగుట, కార్శి బాగుగా లేచుట, బెట్టకు ఓర్చుట, తెగుళ్ళను తట్టుకొనుట చాలవరకు ఉన్నవి. ఉచితముగా మాత్రము రాలేదు. రెల్లు పాలు ఎక్కువైనచో పీచు హెచ్చును, గడ సన్నగిల్లును, తీపి తగ్గును. బెల్లము వండువాడు ఒప్పుకొనడు, ఫ్యాక్టరీ ఒప్పుకొనదు. కాబట్టి సంకరణము చేయువారు మరల మరల తీపి వైపునకు కట్టి, తీపి ఉన్న బిడ్డనే యెంచుదురు. అట్లు వడగట్టునపుడు పీచుతోపాటు ఓర్పు జన్యువులు కొన్ని జారిపోవును. ఏది జారినదో ఆ నాడు తెలియదు. కొత్త తెగులు వచ్చిన నాడు తెలియును.

ఇక్కడ నా అభిప్రాయము చెప్పవలెను. శాఖ అభిప్రాయముగా తీసికొనవలదు.

ప్రపంచమునందలి చెరకు రకములన్నిటిలోని రెల్లు పాలు పట్టుమని పది రెల్లు మొక్కలనుండి కూడ రాలేదు. వేలాది రకములు, లక్షలాది ఎకరములు, ఓర్పు సొమ్ము మాత్రము అంత కొద్ది మొక్కలది. పైగా మనము ఏమి చేయుచున్నాము? ఒక రకము బాగున్నదన్న ఊరంతయు అదే వేయుదుము. పక్క రైతు ముచ్చెలు కొనుక్కొనుట సులభము, ఫ్యాక్టరీవారికి ఒకే రకము నరికించుట సులభము, మాకు ఒకే సలహా చెప్పుట సులభము. తెగులునకు కూడ అదే సులభము.

కో 213 అను రకము ఒకప్పుడు బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్‌లలో చెరకునకు మారుపేరు. 1938-40 మధ్య ఎర్రకుళ్ళు దానిని ఊడ్చివేసినది. ఎనుబది ఏండ్లు గడిచినవి. 2009లో విడుదలైన కో 0238 పంచదార పాలు ఎక్కువిచ్చుటచే ఉత్తరప్రదేశ్ చెరకు నేలలో నూటికి ఎనుబది పాళ్ళకు మించి వ్యాపించినది. రైతులకు నాలుగు డబ్బులు కండ్ల జూపినది, కాదనను. ఇంతలో దానిని తట్టు ఎర్రకుళ్ళు రూపు మార్చుకొని వచ్చినది. తోటలకు తోటలు తీసివేసి వేరు రకము వెదకుకొనవలసి వచ్చినది. రెండుసార్లును రకము చెడ్డది కాదు. తెగులు శిలీంధ్రము ఏటేట మారును, ముచ్చెతో వచ్చు చెరకు మారదు. ఏ ముచ్చె గుణము వలన సంకరపు చెరకు మనకు దక్కినదో, ఆ గుణమే దాని బలహీనత కూడ.

అనకాపల్లి, చోడవరము వైపు ఊళ్ళలో తిరుగునపుడు నాకు కొరుకుడు పడనిది ఇదియే. పదునైదు ఎకరముల రైతు కూడ ఒకే రకము వేసి, దానినే కార్శి మీద కార్శి తీయును. నా ఉద్దేశములో ఏ రైతును తన చెరకు నేలలో మూడవ వంతుకు తక్కువ కాకుండ రెండవ రకము, అది కూడ వేరు తల్లిదండ్రులది, వేయవలెను. ‘వేరు తల్లిదండ్రులది’ అన్న మాట ముఖ్యము. నంబరు వేరైనంత మాత్రమున వంశము వేరు కాదు, అన్నదమ్ములకు పేర్లు వేరుగా ఉండును గదా. తల్లిదండ్రులెవరో చెప్పుట మా పని. రైతు సేవా కేంద్రములో రకపు పేరు, దిగుబడి, కాలపరిమితి వ్రాయు పట్టికలో తల్లిదండ్రుల గడి కూడ ఒకటి ఉండవలెనని నేను పై అధికారులకు వ్రాసియున్నాను. ఒక్క గడికి ఖర్చేమియు లేదు. జబ్బు తోట ముచ్చెలు వాడరాదు, జబ్బు తోటను కార్శి తీయరాదు, ఒక పంట వరి వేసి మార్చవలెను అనునవి అందరికి తెలిసినవే కాబట్టి పొడిగింపను.

చిన్న రైతు అడుగు మాట నాకు తెలియును. “ఎకరంన్నర తోటలో రెండు రకాలేటి బాబూ, గానుగాడేరోజు రెండుగా నరకాలా?” న్యాయమైన మాటయే. అట్టివారు పొరుగు రైతుతో మాట్లాడుకొని ఒకరొకటి, ఒకరొకటి వేసిన చాలును. ఊరి లెక్కలో రెండు రకములు ఉండుట కావలెను గాని ప్రతి చెక్కలో ఉండుట కాదు.

రెల్లు మాటకు వత్తును. పొలములో రెల్లును ఉంచుమని నేను చెప్పను. నల్లరేగడిలో రెల్లు దిగినచో దాని వేరు దుంపలు ఎంత లోతు పోవునో దున్నిన ఎద్దును అడుగవలెను. తోటకు ఆనుకొని యున్న పొదలు పురుగులకు ఆశ్రయమిచ్చునన్నది కూడ కాదనను. తోటలోనికి వచ్చినదానిని దుంపతో త్రవ్వి పారవేయుడు. గట్టునుండి నాలుగు బారలు శుభ్రము చేసికొనుడు. కాని వాగు ఒడ్డున, లంకలో, పోరంబోకులో ఎవ్వరికి అడ్డురానిదానిని పనిగట్టుకొని మందు కొట్టి చంపుటలో ఏ లాభమును లేదు, నష్టము మాత్రము కలదు.

కోయంబత్తూరు సంస్థవారు దేశమంతట తిరిగి రెల్లు రకములను సేకరించి పెంచుచున్నారు. కేరళలోని కన్ననూరులో ప్రపంచపు చెరకు జాతుల సేకరణము కూడ కలదు. అట్లైన మన వాగులో రెల్లు ఎందులకు అని అడుగవచ్చును. తోటలో పెట్టిన మొక్క ఆనాటి మొక్కగానే ఉండును. ఏటి ఒడ్డున ఉన్నది ఏటేట గింజ రాల్చి, ఏటేట కొత్త పంపకము చేసికొని, వచ్చిన తెగులుతో, వరదతో, ఎండతో పోరాడుచుండును. గోదావరి లంక రెల్లు, మన్యపు వాగు రెల్లు, సముద్రపు ఉప్పుగాలి తగులు రెల్లు ఒకటి కావు. వీనిలో దేనియందు రేపటి ఎర్రకుళ్ళును తట్టు జన్యువు కలదో పరీక్షింపక ఎవ్వరును చెప్పలేరు. లంకలు ఇసుక తవ్వకములకు, వాగులు సిమెంటు గోడలకు పోవుచున్న ఈ రోజులలో పరీక్షించుటకు మొక్క మిగులవలెను గదా.

గ్రామ అధికారులకు ఒక మాట. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలలో జీవవైవిధ్య యాజమాన్య సంఘములు ఉండవలెను, ప్రజల జీవవైవిధ్య రిజిస్టరు వ్రాయవలెను. ఆ రిజిస్టరులు నేను కొన్ని చూచినాను. వేప, రావి, తులసి, ఉసిరి తప్పక ఉండును. చదువుటకు ముచ్చటగానే ఉండును. రెల్లు ఒక్కదానిలోను లేదు. అడవి వరి కూడ లేదు. పంటల దాయాదులు గుడి చెట్లవలె అందముగా ఉండవు, కలుపువలె ఉండును. కాబట్టి వ్రాయువాని కలమునకు తట్టవు. పంచాయతీ కార్యదర్శులు ఈ ఆశ్వయుజములో వాగు ఒడ్డున ఒక గంట నడచి ఎక్కడెక్కడ రెల్లు ఉన్నదో సర్వే నంబరుతో వ్రాసిన, రేపు పరిశోధనా స్థానమువారు వచ్చినపుడు వెదకుకొను పని తప్పును. పూతలో ఉన్నపుడు గుర్తుపట్టుటకు చదువు కూడ అక్కరలేదు.

అడవి వరి మాట అన్నాను గనుక చెప్పుదును. వరిలో గడ్డి కుఱుచ తెగులును తట్టుకొను జన్యువు ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒక అడవి వరి గింజలలో దొరకినది. అది 1976లో విడుదలైన ఐ.ఆర్. 36లోనికి ఆ దారినే వచ్చినది. వేరుశనగ 40 క్రోమోసోములలో 20 ఒక అడవి జాతివి, 20 మరియొక అడవి జాతివి. వేలాది సంవత్సరముల కిందట దక్షిణ అమెరికాలో ఆ రెండు కలిసియే మన పల్లీ పుట్టినది. ఒక్కొక్క పంటది ఒక్కొక్క కథ, అవి మరొక వ్యాసమునకు తగును.

ఆ పెద్ద రైతు సంగతి. నేను తిరిగి వచ్చునప్పటికి గట్టు చాలవరకు బోడియైనది. కల్వర్టు అవతల, వాగు మలుపులో నాలుగైదు పొదలు మిగిలి యున్నవి. మందు డబ్బా మూత తీయలేదు. “కూలోళ్ళ టైం అయిపోనాది బాబూ, తమరు సెప్పారని కాదు” అన్నాడు. మరల మాఘములో గానుగ ఆడుచుండగా ఆ దారిన పోయినాను. పొదలు అక్కడనే ఉన్నవి. వాటి కాడలు కోసి గానుగ పాక కప్పునకు వాడుకొన్నాడట. వేడి బెల్లము ముక్క చేతిలో పెట్టి, “ఇందులో రెల్లు పాలెంత బాబూ?” అని అడిగినాడు. పదవ వంతు ఉండవచ్చునని చెప్పినాను.